దృష్టి మళ్లించే వెబ్‌సైట్లకు బ్రౌజర్‌లో అడ్డుకట్ట

పనికి కూర్చున్న మనిషి తన ధ్యాసను పక్కకు లాగే వెబ్‌సైట్లు తెరుచుకోకుండా తన బ్రౌజర్‌కు తానే ఆంక్ష పెట్టుకోవడాన్ని వెబ్‌సైట్ల స్వీయ నిరోధం అనవచ్చు. వాడుకలో దీన్ని సైట్ బ్లాకింగ్ అనీ, ఆ పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను బ్లాకర్ అనీ అంటున్నారు. పిల్లలకు తల్లిదండ్రులూ, ఉద్యోగులకు కంపెనీలూ, పౌరులకు ప్రభుత్వాలూ పెట్టే నిరోధాలు సాంకేతికంగా దీనికి దగ్గర చుట్టాలే. కానీ అక్కడ అడ్డు పెట్టేవారు ఒకరు, ఆగిపోవాల్సినవారు ఇంకొకరు. ఇక్కడ ఇద్దరూ ఒకరే. పొద్దున పెట్టుకున్న అడ్డును మధ్యాహ్నం తీసేసుకునే అధికారం కూడా ఆ ఒక్కరిదే. కాబట్టి ఏ బ్లాకరూ పూర్తిగా మూయలేదు. మూయలేని దానితో ఉపయోగం ఏమిటన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దానికి జవాబు ఈ పరికరాల చరిత్రలోనూ, వాటి మీద జరిగిన పరిశోధనల్లోనూ దొరుకుతుంది: బ్లాకర్ విలువ ఎంత గట్టిగా మూస్తుందన్న దాంట్లో లేదు. చూడాలన్న ఉబలాటానికీ పేజీ తెరుచుకోవడానికీ మధ్య ఎంత జాప్యం పెడుతుంది, ఆ జాప్యాన్ని దాటడానికి ఎంత శ్రమ అడుగుతుంది అన్న దాంట్లో ఉంది.

జాప్యానికి అంత విలువ ఎందుకో తెలియాలంటే పక్కదారి పట్టే క్షణాన్ని దగ్గరగా చూడాలి. రిపోర్టు రాస్తున్న మనిషికి ఒక వాక్యం దగ్గర చెయ్యి ఆగుతుంది. వెంటనే వేళ్లు కొత్త ట్యాబ్ తెరుస్తాయి. అడ్రస్ బార్‌లో ‘ఎఫ్’ అన్న ఒక్క అక్షరం పడగానే మిగతా పేరును బ్రౌజరే పూరిస్తుంది. ఆ మనిషి రోజూ వెళ్లే చోటు దానికి బాగా గుర్తు. ఇక ఎంటర్ నొక్కడమే మిగిలింది. ఇదంతా ఒకటి రెండు సెకన్ల వ్యవహారం, ఇందులో ‘ఇప్పుడు ఫేస్‌బుక్ చూద్దాం’ అని నిర్ణయించుకున్న ఘట్టం ఎక్కడా లేదు. వెళ్లడం ఇంత తేలిక అయితే, తిరిగి రావడానికి మాత్రం ఏ ఆనవాలూ ఉండదు. ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ 2006 సెప్టెంబరులో మొదలైంది. పేజీకి అడుగు అన్నదే లేకుండా కిందికి జరిపేకొద్దీ కొత్త సరుకు వచ్చి చేరే పద్ధతిని అదే ఏడాది ఏజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించారు. దాని పర్యవసానాలు చూసి తర్వాత ఆయనే బహిరంగంగా బాధపడ్డారు. 2015 నాటికి యూట్యూబ్‌లో ఒక వీడియో అవగానే మరొకటి దానంతట అదే మొదలవడం మామూలైంది. సమాచారం పెరిగేకొద్దీ శ్రద్ధకు కరువొస్తుందని ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించారు. ఆయన ఆ మాట అన్నది సంస్థల నిర్వహణ గురించి; ఇప్పుడది ఒక్కో ట్యాబ్‌కూ వర్తిస్తోంది.

నిరోధానికి అన్నిటికన్నా పాత మార్గం బ్రౌజర్ బయట, ప్రతి కంప్యూటర్‌లోనూ ఉండే హోస్ట్స్ ఫైలు. ఆర్పానెట్ రోజుల్లో నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లూ చిరునామాలూ అన్నీ ఒకే ఫైలులో ఉండేవి. దాన్ని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించేది. కంప్యూటర్లు పెరిగి అది మోయలేని బరువయ్యాక పాల్ మొకాపెట్రిస్ 1983లో డొమైన్ నేమ్ సిస్టమ్‌కు, అంటే డీఎన్ఎస్‌కు రూపమిచ్చారు. పాత ఫైలు మాత్రం పోలేదు. నేటికీ చాలా కంప్యూటర్లు ఒక సైటు చిరునామా కోసం బయట వాకబు చేసేముందు ఈ ఫైలునే చూస్తాయి. అందులో 127.0.0.1 అని రాసి, పక్కన సైటు పేరు రాస్తే బ్రౌజర్ ఆ సైటును సొంత కంప్యూటర్‌లోనే వెతికి, ఏమీ దొరక్క ఎర్రర్ చూపిస్తుంది. ఖర్చు లేదు, ఏ కంపెనీనీ నమ్మనక్కర లేదు. ఇబ్బంది అంతా వివరాల్లో ఉంది. ముందు డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ ఉన్న పేరుకు ఒక వరుస, లేని పేరుకు మరో వరుస, మొబైల్ రూపానికి ఇంకొకటి రాయాలి. సాయంత్రం ఆరు తర్వాత వదిలెయ్యి అని చెప్పే వీలు లేదు. మార్చడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. ఈ చివరిది లోపంలా కనిపిస్తుంది గానీ, నిరోధానికి కలిసొచ్చే గుణం అదే: ఫైలును వెతికి, అనుమతి ఇచ్చి, వరుస చెరిపి, సేవ్ చేసేలోపు చాలాసార్లు ఉబలాటం చల్లారిపోతుంది.

ఈ పనిని మామూలు వాడుకదారుల చేతికి తెచ్చినవి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు. జేమ్స్ ఆండర్సన్ 2007లో ఫైర్‌ఫాక్స్ కోసం విడుదల చేసిన లీచ్‌బ్లాక్ వీటిలో తొలితరానిది. సైట్లను జట్లుగా కట్టి ఒక్కో జట్టుకు వేళలు పెట్టడం, గంటకు ఇన్ని నిమిషాలని కోటా ఇవ్వడం అందులో కుదురుతుంది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఎక్స్‌టెన్షన్లకు స్వస్తి చెప్పడంతో లీచ్‌బ్లాక్‌ను కొత్తగా రాయాల్సి వచ్చింది. ఆ కొత్త రూపం క్రోమ్‌లో కూడా పనిచేస్తుంది. ఇదే కాలంలో మరికొందరు మరీ గట్టి మందు వాడారు. ఫ్రెడ్ స్టట్జ్‌మన్ 2008లో మ్యాక్ కోసం చేసిన ఫ్రీడమ్ మొదట్లో మొత్తం ఇంటర్నెట్‌నే కోసేసేది. మధ్యలో కావాలంటే కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాల్సిందే. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడం లాంటి ఈ పద్ధతికి కూడా అభిమానులు దొరికారు. స్టీవ్ లాంబర్ట్ అనే కళాకారుడి ఆలోచనతో 2009లో వచ్చిన సెల్ఫ్‌కంట్రోల్ కొంత నయం: ఎంచుకున్న సైట్లనే ఆపుతుంది, కానీ ఒకసారి మొదలుపెడితే గడువు తీరేదాకా ఆగదు, రీస్టార్ట్ చేసినా, ఆ అప్లికేషన్‌నే తీసిపారేసినా సరే. నవలా రచయిత్రి జేడీ స్మిత్ 2012లో వెలువడిన తన ‘ఎన్‌డబ్ల్యూ’ నవల కృతజ్ఞతల పేజీలో ఈ రెండు సాఫ్ట్‌వేర్ల పేర్లనూ చేర్చారు.

గట్టిదనం కోసం జరిగిన ఈ పోటీ పక్కనే మరో దారి తెరుచుకుంది, ఈ వ్యాసం దృష్టిలో అదే అసలు దారి. స్టేఫోకస్డ్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌లో సెట్టింగులు మార్చడానికి ఒక పరీక్ష పెట్టుకోవచ్చు: తెర మీద కనిపించే పేరాను ఒక్క తప్పు లేకుండా టైప్ చేయాలి, తప్పు పడితే మళ్లీ మొదటికి. అది అసాధ్యమేమీ కాదు, విసుగు, అంతే. లీచ్‌బ్లాక్‌లో ఇలాంటిదే పొడవైన అర్థంలేని అక్షరాల వరుసను చూసి టైప్ చేసే ఏర్పాటు ఉంది. పేజీని పూర్తిగా ఆపకుండా కొన్ని సెకన్లు లెక్కపెట్టి అప్పుడు తెరిచే ఏర్పాటూ ఉంది. ఎక్స్‌కేసీడీ కార్టూన్ల సృష్టికర్త రాండల్ మన్రో 2011లో తన అనుభవం రాశారు. సైట్లను ఆపేసే పద్ధతి తన విషయంలో నిలవలేదనీ, పేజీ తెరుచుకునేముందు 30 సెకన్ల ఆలస్యం పెట్టుకోవడం పనిచేసిందనీ ఆయన చెప్పారు. హ్యాకర్ న్యూస్ సైటులో ఈ సదుపాయం సైటు లోపలే ఉంది: సభ్యులు కావాలనుకుంటే 20 నిమిషాలు చూశాక 180 నిమిషాల పాటు తమను లోపలికి రానివ్వొద్దని అడగవచ్చు. పాఠకులను వెళ్లగొట్టే మీటను సొంత గడప మీదే బిగించుకున్న సైట్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

ఒకరిద్దరి అనుభవాలను బట్టి సిద్ధాంతం చేయలేం కాబట్టి కొలిచి చూసినవాళ్లు ఏం కనుగొన్నారో చూడాలి. 2023లో అమెరికన్ సైన్స్ అకాడమీ పత్రిక పీనాస్‌లో గ్రూనింగ్, రీడెల్, లోరెన్జ్-స్ప్రీన్ ప్రచురించిన అధ్యయనం వన్ సెక్ అనే ఫోన్ అప్లికేషన్ గురించి. ఎంచుకున్న యాప్‌ను తెరవబోతే ఇది కాసేపు ఆపి, ఒక సందేశం చూపించి, నిజంగా వెళ్తారా, వెనక్కి తగ్గుతారా అని అడుగుతుంది. 280 మందిని ఆరు వారాల పాటు గమనిస్తే, అలా అడిగినప్పుడు దాదాపు 36 శాతం సార్లు వాళ్లు వెనక్కి తగ్గారు. అంతకన్నా విశేషం, ఆరు వారాలయ్యేసరికి అసలు తెరవబోయే ప్రయత్నాలే 37 శాతం తగ్గాయి. జాప్యం, సందేశం, వెనక్కి తగ్గే అవకాశం: ఈ మూడింటిలో పనిచేసింది ఏదో తేల్చడానికి విడిగా ప్రయోగం చేస్తే, అన్నిటికన్నా బలంగా పనిచేసింది వెనక్కి తగ్గే మీట. జాప్యమూ పనిచేసింది. సందేశం మాత్రం పనిచేయలేదు. మారదలుచుకున్నవాళ్లే ఇలాంటి యాప్ పెట్టుకుంటారు కదా అన్న అనుమానం న్యాయమైనదే. దానికి కొంత జవాబు ఆల్‌కాట్, జెన్స్‌కో, సాంగ్‌లు 2022లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో ప్రచురించిన ప్రయోగంలో ఉంది. సుమారు 2,000 మంది ఆండ్రాయిడ్ వాడుకదారుల్లో చీటీ తీసినట్టు కొందరిని ఎంచి, తమ వాడకానికి తామే రోజువారీ పరిమితి పెట్టుకునే సదుపాయం ఇచ్చారు. పెట్టుకోమని బలవంతం లేదు, పెట్టుకుంటే డబ్బూ లేదు. అయినా ఆ బృందం వాడకం 16 శాతం, అంటే రోజుకు 22 నిమిషాలు తగ్గింది. సోషల్ మీడియా వాడకంలో 31 శాతం మనిషి తనను తాను అదుపు చేసుకోలేకపోవడం వల్లే జరుగుతోందని ఆ ఆర్థికవేత్తలు లెక్కగట్టారు.

ఇక్కడ రావలసిన అభ్యంతరం ఒకటుంది: ఒక సైటు మూస్తే మనిషి మరో సైటుకు పోతాడు, కంప్యూటర్ ఆపితే ఫోన్ తీస్తాడు, మొత్తం మీద వృథా అయ్యే సమయం అంతే ఉంటుంది కదా? వినడానికి ఇది తిరుగులేని వాదన. స్టాన్‌ఫర్డ్‌లో గేజా కోవాక్స్, మైకేల్ బెర్న్‌స్టైన్ బృందం హ్యాబిట్‌ల్యాబ్ అనే ఎక్స్‌టెన్షన్‌తో సరిగ్గా దీన్నే పరీక్షించింది. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఒక సైటు మీద అడ్డంకులు పెంచినప్పుడు మిగతా సైట్ల మీద గడిపే సమయం పెరగలేదు, అలాగే ఉంది లేదా కాస్త తగ్గింది. బ్రౌజర్‌లో మిగిలిన సమయం ఫోన్‌కు తరలిపోవడం కూడా కనిపించలేదు. చేతి అలవాటు ఒక ప్రత్యేకమైన చిరునామాకు కట్టుబడి ఉంటుందని, అది తెగితే దాని స్థానంలో మరొకటి వెంటనే మొలవదని దీన్నిబట్టి అనుకోవచ్చు. అయితే అదే బృందం 2018లో చూపించిన మరో సంగతి బ్లాకర్ల ప్రచారకులకు రుచించదు. అడ్డంకులను రోజుకో రకంగా మారుస్తూ పోతే అవి బాగా పనిచేశాయి గానీ, వాడుకదారులు ఆ ఎక్స్‌టెన్షన్‌నే తీసేయడమూ ఎక్కువైంది. గట్టిదనానికి ఈ రంగంలో ఉన్న అసలు హద్దు ఇదే. పక్కకు తోసేయడం మరీ సులువైతే అడ్డంకి అడ్డంకే కాదు. ఐఫోన్ స్క్రీన్ టైమ్ పరిమితి దాటినప్పుడు వచ్చే ‘పట్టించుకోవద్దు’ మీటను వేలు కొన్నాళ్లకే చూడకుండా నొక్కేస్తుంది. మరీ కఠినమైతే ఏదో ఒక చిరాకు రోజున మొత్తం తీసిపారేస్తారు, మళ్లీ పెట్టుకోరు. వారం నిలిచే ఉక్కు తలుపు కన్నా ఏడాది నిలిచే 30 సెకన్ల ఆలస్యమే ఎక్కువ సమయం మిగులుస్తుంది.

మరో అభ్యంతరం ఇంకాస్త పాతది, మన ఇళ్లల్లో రోజూ వినపడేది: మనసు నిలకడగా ఉంటే ఈ తంటాలన్నీ ఎందుకు? 2005లో ఆర్థికశాస్త్ర నోబెల్ పొందిన థామస్ షెల్లింగ్ 1970ల చివరి నుంచీ ఈ ప్రశ్న మీద రాస్తూ వచ్చారు. రాత్రి అలారం పెట్టుకునే మనిషి, పొద్దున దాన్ని ఆపేసే మనిషి ఒకరే అయినా వాళ్ల ప్రయోజనాలు వేరని, మొదటివాడు రెండోవాడి చేతులు ముందే కట్టేయడం తెలివైన పనేగాని బలహీనత కాదని ఆయన వాదన సారాంశం. ముందే కట్టుకోవడానికి జనం సిద్ధంగా ఉంటారని, కాకపోతే ఎంత బిగించాలో సరిగా అంచనా వేయలేరని ఆరియెలీ, వెర్టెన్‌బ్రోక్ 2002లో చూపించారు. మూడు వ్యాసాలకు గడువులు మీరే పెట్టుకోండంటే, చివరి రోజు పెట్టుకునే వీలున్నా చాలామంది విద్యార్థులు అంతకన్నా ముందు తేదీలే ఎంచుకున్నారు. అయినా సమానమైన ఎడంతో బయటి నుంచి గడువులు విధించిన విద్యార్థులకే మంచి మార్కులు వచ్చాయి. మరోవైపు, నిలకడ ఉన్నవాళ్లకు బ్లాకర్ అవసరం లేదన్న మాటలో నిజం లేకపోలేదు. గ్లోరియా మార్క్, మేరీ చెర్విన్స్కీ, షంసీ ఇక్బాల్ 2018లో 32 మంది ఉద్యోగులతో చేసిన అధ్యయనంలో బ్లాకర్ పెట్టిన వారంలో తాము ఎక్కువ పని చేశామని, ఎక్కువ లగ్నమయ్యామని వాళ్లు చెప్పారు. ఎక్కువ లాభపడింది పట్టుదల తక్కువ ఉన్నవాళ్లు. అదుపు ముందే ఉన్నవాళ్లకు మాత్రం భారం పెరిగింది. విరామంగా వాడుకునే నాలుగు నిమిషాల పక్కచూపు కూడా పోయి ఏకబిగిన పనిచేశారు. అందరికీ ఒకే మోతాదు అనడం ఇందుకే తప్పు.

సైటు మొత్తాన్ని ఆపడం కుదరని చోట చిక్కు ఇంకా పెద్దది. గ్రూప్స్ పరీక్షలకో ఈఏపీసెట్‌కో చదివే విద్యార్థికి పాఠాలు యూట్యూబ్‌లోనే ఉంటాయి. పాఠం ఎడమవైపు, సినిమా ట్రైలర్ కుడివైపు, చిరునామా మాత్రం ఒకటే. ఇలాంటి చోట సైటును కాకుండా దాని భాగాలను దాచే ఎక్స్‌టెన్షన్లు పనికొస్తాయి. అన్‌హుక్ యూట్యూబ్‌లో సిఫారసుల వరుసనూ, షార్ట్స్‌నూ, వ్యాఖ్యలనూ మాయం చేస్తుంది. వెతికిన వీడియో మాత్రం ఉంటుంది. న్యూస్ ఫీడ్ ఎరాడికేటర్ ఫేస్‌బుక్ ఫీడ్ ఉండాల్సిన చోట ఒక సూక్తి పెడుతుంది. ప్రకటనలను ఆపడానికి రేమండ్ హిల్ తయారుచేసిన యూబ్లాక్ ఆరిజిన్‌లో కూడా పేజీలో ఒక ముక్కను ఎంచి దాచుకునే వీలుంది. ఇవన్నీ పేజీ వచ్చాక దాని రూపాన్ని మార్చేవి కాబట్టి సైటు తన నిర్మాణం మార్చినప్పుడల్లా విరిగిపోతాయి, ఎవరో ఓపికగా సరిచేయాలి. ఈ సైట్లలో ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్లినా బ్రౌజర్ కొత్తగా ఏమీ లోడ్ చేయదు, చిరునామా మాత్రం మారుతుంది. ఆ మార్పును కనిపెట్టలేని నాసిరకం బ్లాకర్లు అక్కడే బోల్తా పడతాయి.

ఎక్స్‌టెన్షన్ల విషయంలో ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. ఏ సైటుకు వెళ్తున్నారో చూడకుండా బ్లాకర్ పనిచేయలేదు కాబట్టి చాలావాటికి అన్ని సైట్లలోని సమాచారాన్నీ చదివి మార్చే అనుమతి ఇవ్వాలి. బ్యాంకు పేజీ కూడా అందులోకే వస్తుంది. పైగా ఎక్స్‌టెన్షన్లు చేతులు మారుతుంటాయి. ట్యాబ్‌లను నిద్రపుచ్చే ది గ్రేట్ సస్పెండర్ ఎక్స్‌టెన్షన్ కొత్త యజమాని చేతికి వెళ్లాక, అందులో హానికరమైన కోడ్ ఉందంటూ 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తొలగించింది. అప్పటికి దాన్ని వాడుతున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. సోర్స్ కోడ్ బహిరంగంగా ఉన్నవీ, ఒకరి పేరు మీద ఏళ్లుగా నిలిచి ఉన్నవీ ఎంచుకోవడం కనీస జాగ్రత్త. ఎక్స్‌టెన్షన్ అక్కర లేకుండానే క్రోమ్‌లో యూఆర్ఎల్‌బ్లాక్‌లిస్ట్ అనే విధానంతో, ఫైర్‌ఫాక్స్‌లో వెబ్‌సైట్‌ఫిల్టర్ అనే విధానంతో సైట్లను ఆపవచ్చు. ఇవి ఆఫీసుల కోసం పెట్టినవే గానీ సొంత కంప్యూటర్‌లోనూ పెట్టుకోవచ్చు. వీటికో అదనపు సుగుణం: ఎక్స్‌టెన్షన్లు మామూలుగా ప్రైవేట్ విండోలో పనిచేయవు, విడిగా అనుమతి ఇవ్వాలి. చాలా బ్లాకర్ల నుంచి దొడ్డిదారి అదే. ఈ విధానాలకు ఆ దారి లేదు.

తప్పంతా సైట్లదైతే మందు వాడుకదారు మింగడమేమిటి, చట్టాలు చేసి కంపెనీలనే కట్టడి చేయాలి కదా అనేవారున్నారు. వాళ్ల కోపం సబబే, కానీ ఒకటి ఉంటే మరొకటి అక్కర్లేదనడం సబబు కాదు. నిజానికి ఈ చిన్న పరికరాలే కంపెనీలతో పేచీకి దారితీశాయి. బ్రిటన్‌కు చెందిన లూయీ బార్‌క్లే తయారుచేసిన అన్‌ఫాలో ఎవ్రీథింగ్ అనే ఎక్స్‌టెన్షన్ ఫేస్‌బుక్‌లో మిత్రులనూ పేజీలనూ అన్నిటినీ ఒక్క దెబ్బకు అనుసరించడం మానేసి ఫీడ్‌ను ఖాళీ చేసేది. 2021లో ఫేస్‌బుక్ ఆయనకు లాయర్ నోటీసు పంపి, ఖాతాను శాశ్వతంగా మూసేసింది. అలాంటి పరికరమే మళ్లీ తయారుచేసే హక్కు తనకుందని తేల్చమంటూ ఆచార్యుడు ఈథన్ జుకర్‌మన్ 2024లో మెటా మీద అమెరికాలో దావా వేశారు. పరికరం తయారుకాకముందే తీర్పు అడగడం తగదన్న కారణంతో కోర్టు ఆ ఏడాది నవంబరులో దాన్ని కొట్టేసింది, తర్వాత మళ్లీ వేసుకునే వీలు మాత్రం మిగిల్చింది. తన కంప్యూటర్‌కు వచ్చి చేరిన పేజీలో ఏది చూడాలో ఏది దాచుకోవాలో తేల్చుకునే హక్కు వాడుకదారుదా, పంపినవారిదా అన్నది ఇంకా తేలలేదు.

బ్రౌజర్‌లో ఇన్ని మార్గాలున్నా, జనం ఈ సైట్లను చూసేది ఎక్కువగా ఫోన్‌లో, అదీ యాప్‌లలో. అక్కడ పేజీ మీద వాడుకదారుకు ఏ పట్టూ లేదు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకునే వీలు గూగుల్ ఇవ్వలేదు. ఫైర్‌ఫాక్స్ 2023 డిసెంబరులో తన ఆండ్రాయిడ్ బ్రౌజర్‌ను వందలాది ఎక్స్‌టెన్షన్లకు తెరిచింది. కాబట్టి యాప్‌ను తీసేసి అదే సైటును ఫైర్‌ఫాక్స్‌లో చూడటం ఒక మార్గం. లాగిన్ కావడం, చిరునామా కొట్టడం, కాస్త నెమ్మదిగా నడిచే పేజీ కోసం ఆగడం, ఇవన్నీ ఏ బ్లాకరూ పెట్టకముందే చేరిన జాప్యాలు. ఆపైన కావాలంటే లెక్కపెట్టి తెరిచే ఎక్స్‌టెన్షన్ ఒకటి చేర్చుకోవచ్చు.